సర్వర్‌లో హార్డ్‌వేర్ ఎర్రర్ వచ్చింది: పోస్ట్, బీఎంసీ లాగ్, మెమ్‌టెస్ట్, స్మార్ట్... ముందు దేన్ని నమ్మాలి?

సర్వర్ ముందు ప్యానెల్‌లో నారింజ లైటు వెలిగినా, అర్ధరాత్రి దానంతట అదే రీబూట్ అయినా పైవాళ్లు అడిగేది ఒకటే: "ఏ పార్ట్ పోయింది? ఎప్పటికి బాగవుతుంది?" జవాబు వెతకడానికి మన దగ్గర దారులు చాలానే ఉన్నాయి. బూట్ అయ్యేటప్పుడు మెషీన్ తనను తాను చూసుకునే పోస్ట్ ఉంది. మదర్‌బోర్డు మీద విడిగా నడిచే చిన్న కంప్యూటర్ (బీఎంసీ) రాసిపెట్టే లాగ్ ఉంది. లినక్స్ కెర్నెల్ పట్టుకునే ఎర్రర్లు (ఎడాక్, రాస్‌డీమన్), తయారీ కంపెనీ ఇచ్చే డయాగ్నస్టిక్స్, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్, డిస్కులు తమను తామే చూసుకునే స్మార్ట్ టెస్టులు, నెట్‌వర్క్ కార్డు సెల్ఫ్ టెస్ట్ కూడా ఉన్నాయి. వీటిలో ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు అక్కర్లేదు అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ముందు లాగ్ చదవండి, ఎర్రర్ ఏ తరగతిదో తేల్చండి, ఆ తర్వాతే టెస్ట్ ఎంచుకోండి. టెస్ట్ "పాస్" అని చూపించినంత మాత్రాన, సర్వర్ పనిలో ఉండగా లాగ్‌లో పడ్డ ఎర్రర్ కొట్టుకుపోదు. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి, ఏమీ రాలేదని సర్వర్‌ని తిరిగి పనిలో పెట్టేయడం చాలా చోట్ల జరుగుతుంది. కొన్నాళ్లకు అదే స్లాట్ నుంచి అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది.

## ఎర్రర్ తరగతి తేల్చుకోవడం

హార్డ్‌వేర్ ఎర్రర్లను స్థూలంగా మూడు మెట్లుగా చూస్తారు.

మొదటిది కరెక్టబుల్, అంటే హార్డ్‌వేరే సరిచేసుకున్నది. డీడీఆర్4 ఈసీసీ (తప్పుల్ని తానే సరిచేసుకునే) మెమరీలో ప్రతి 64 బిట్ల డేటాకి 8 చెక్ బిట్లు తోడుంటాయి. ఒక బిట్ తారుమారైతే అక్కడికక్కడే సరిచేసి ముందుకు పోతుంది. రెండు బిట్లు తారుమారైతే తప్పు జరిగిందని పట్టుకుంటుంది కానీ సరిచేయలేదు. ఒక మెమరీ చిప్ మొత్తం పోయినా తట్టుకునే ఏర్పాట్లు కూడా పెద్ద సర్వర్లలో ఉన్నాయి. ఐబీఎం వాటిని చిప్‌కిల్ అని పిలిచింది. పీసీఐఈ (కార్డులు, డిస్కులు ప్రాసెసర్‌తో మాట్లాడే దారి) లింక్‌లో పాడైన ప్యాకెట్‌ని మళ్లీ పంపించుకోవడం కూడా ఈ తరగతిలోకే వస్తుంది. అప్లికేషన్‌కి ఇవేవీ తెలియవు.

రెండోది సరిదిద్దలేనిదే అయినా ఒక చోటికి పరిమితమైనది. డేటా పాడైందని హార్డ్‌వేర్‌కి తెలుసు. ఆ డేటాని వాడబోయిన ప్రాసెస్‌ని ఆపేసి, ఆ మెమరీ పేజీని పక్కన పెట్టి, మిగతా సర్వర్‌ని నడపగలదు. ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లు దీన్ని ఇంకా విడదీస్తాయి: వెంటనే ఏదో ఒకటి చేసి తీరాల్సినవి, చేస్తే మంచిదే కానీ ఆగగలిగినవి, అసలు ఏమీ చేయనక్కర్లేనివి. పీసీఐఈలో ఈ మెట్టుకి నాన్-ఫేటల్ అని పేరు.

మూడోది ఫేటల్. ఇక ముందుకు వెళితే ఏ డేటా ఎక్కడ పాడవుతుందో చెప్పలేని స్థితి. మెషీన్ ఆగిపోవడమో రీసెట్ అవడమో జరుగుతుంది.

ఈ మూడింటికీ పక్కన నేను నాలుగో గంప ఒకటి పెడతాను: పరిసరాల ఎర్రర్లు. ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం, వోల్టేజీ, పవర్ సప్లైకి కరెంటు అందకపోవడం లాంటివి. ఐపీఎంఐ (సర్వర్ నిఘా ప్రమాణం) సెన్సర్లు వీటికి నాన్-క్రిటికల్, క్రిటికల్, నాన్-రికవరబుల్ అని మూడు హద్దులు పెడతాయి. మన జిల్లా కేంద్రాల్లోని ఆసుపత్రులు, కాలేజీల్లో ఎస్‌ఈఎల్ (బీఎంసీ రాసే ఈవెంట్ లాగ్) తెరిస్తే సగం వరుసలు "పవర్ సప్లైకి ఏసీ ఇన్‌పుట్ పోయింది" అనే ఉండే సర్వర్లు కనిపిస్తాయి. అది పవర్ సప్లై చెడిపోవడం కాదు, కరెంటు కోత. ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట సర్వర్ గది ఏసీ ఆపేసే చోట ఇన్‌లెట్ ఉష్ణోగ్రత హెచ్చరికలు వరసగా పడతాయి. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిదని శీతలీకరణ ఇంజినీర్ల సంస్థ ఆష్రే సిఫారసు. ఆ హద్దు దాటిన గదిలో మెమరీ టెస్టులు నడిపి పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బు దండగ. ముందు గదిని చల్లబరచాలి.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. తీవ్రత చెప్పే ముద్ర ఆ క్షణంలో మెషీన్‌కి ఎంత ప్రమాదమో చెబుతుంది, అంతే. ఏ పార్ట్ మార్చాలో, ఎంత తొందరగా మార్చాలో చెప్పదు. కరెక్టబుల్ అని రాసి ఉంది కదా అని వదిలేసేవాళ్లకు ఒక లెక్క చెప్పాలి. గూగుల్ తన డేటా సెంటర్లలో 2006 జనవరి నుంచి రెండున్నర ఏళ్లు మెమరీ ఎర్రర్లను గమనించి 2009లో ఫలితాలు బయటపెట్టింది. ఏడాదిలో దాదాపు మూడో వంతు మెషీన్లు కనీసం ఒక కరెక్టబుల్ ఎర్రర్ చూశాయి. అంటే ఒక్క ఎర్రర్‌కే బెంబేలెత్తిపోనక్కర్లేదు. కానీ సరిదిద్దలేని ఎర్రర్ వచ్చిన సందర్భాల్లో 70 నుంచి 80 శాతం వాటికి, అదే నెలలోనో ముందు నెలలోనో కరెక్టబుల్ ఎర్రర్ ముందే కనిపించింది. ఎక్కడినుంచో వచ్చిన కణం తగిలి బిట్ తిరగబడటం కన్నా, మెమరీ చిప్‌లోనే లోపం ఉండటం వల్ల వచ్చే ఎర్రర్లే ఎక్కువని కూడా ఆ అధ్యయనం తేల్చింది.

కాబట్టి కరెక్టబుల్ ఎర్రర్లలో చూడాల్సింది అది మళ్లీ వస్తోందా, ఒకే డిమ్ (మెమరీ కడ్డీ) నుంచి వస్తోందా, ఒకే అడ్రస్ దగ్గర వస్తోందా అన్నది. ఒకసారి వచ్చి మాయమైతే నోట్ చేసుకుని వదిలేయొచ్చు. ఒకే డిమ్ నుంచి వారంలో పలుమార్లు వస్తే డిమ్ మార్పుకి రోజు ఖరారు చేసుకోండి.

ఫేటల్ విషయంలో తప్పు ఇంకో వైపు జరుగుతుంది. లాగ్‌లో "సీపీయూ ఐఈఆర్ఆర్" అని కనిపించగానే ప్రాసెసర్ పోయిందని ఆర్డర్ పెట్టేస్తారు. ప్రాసెసర్ ముందుకు కదలలేక చేతులెత్తేసిందన్నదే దాని అర్థం. కారణం జవాబివ్వని పీసీఐఈ కార్డు కావచ్చు, ఫర్మ్‌వేర్ బగ్ కావచ్చు. దానికి ముందూ వెనకా పడ్డ వరుసలు చదవకుండా ప్రాసెసర్ మార్చకండి.

## పద్ధతుల్ని దేనితో కొలవాలి

నేను అయిదు ప్రశ్నలు వేసుకుంటాను. సర్వర్‌ని పని నుంచి తప్పించాలా? ఓఎస్ చచ్చిపోయినా పనిచేస్తుందా? ఏ స్లాట్, ఏ డిస్క్ అని వేలు పెట్టి చూపిస్తుందా? డేటాకి ప్రమాదం ఉందా? వారంటీలో పార్ట్ కావాలంటే కంపెనీ సపోర్ట్ వాళ్లు ఆ ఫలితాన్ని ఒప్పుకుంటారా?

చివరి ప్రశ్నని చాలామంది ఆఖర్న గుర్తు చేసుకుంటారు. మీరు ఎంత గొప్ప ఓపెన్ సోర్స్ టెస్ట్ నడిపినా, సపోర్ట్ వాళ్లు తమ డయాగ్నస్టిక్స్ కోడ్, తమ లాగ్ బండిల్ అడుగుతారు. వారంటీ ఉన్న సర్వర్ అయితే ఆ దారే ముందు పట్టడం వల్ల ఒకటి రెండు రోజులు కలిసొస్తాయి.

| పద్ధతి | సర్వర్ ఆపాలా | బాగా పట్టేవి | పట్టలేనివి |
|---|---|---|---|
| పోస్ట్ | రీబూట్ చాలు | అసలు బతికి లేని పార్టులు, మెమరీ ట్రైనింగ్ (బూట్ అప్పుడు సిగ్నళ్లు సర్దుకోవడం) వైఫల్యం | అప్పుడప్పుడూ వచ్చే ఎర్రర్లు |
| బీఎంసీ లాగ్ | అక్కర్లేదు | పవర్, ఫ్యాన్, వేడి, డిమ్ స్లాట్, క్రాష్ సమయం | హద్దు దాటని చిన్న ఎర్రర్లు |
| రాస్‌డీమన్, ఎడాక్ | అక్కర్లేదు | మెమరీ, పీసీఐఈ ఎర్రర్ల లెక్క | ఓఎస్ లేనప్పుడు జరిగేవి |
| కంపెనీ డయాగ్నస్టిక్స్ | ఆపాలి | అన్ని పార్టులూ ఒక మోస్తరుగా, వారంటీ కోడ్ | లోడ్ మీదే వచ్చే లోపాలు |
| మెమ్‌టెస్ట్ | గంటల తరబడి ఆపాలి | స్థిరంగా చెడిన మెమరీ | ఈసీసీ లోపల సరిచేసేసినవి |
| స్మార్ట్ టెస్టులు | అక్కర్లేదు, వేగం తగ్గొచ్చు | చదవలేని సెక్టార్లు | ఉన్నట్టుండి ఆగిపోయే డిస్కులు |
| నెట్‌వర్క్ సెల్ఫ్ టెస్ట్ | ఆఫ్‌లైన్ అయితే లింక్ పోతుంది | కార్డు, పోర్టు లోపాలు | కేబుల్ అవతలి కొస సమస్యలు |

## పోస్ట్

1981 నాటి ఐబీఎం పీసీ నుంచీ ఉన్నదే. కరెంటు రాగానే ప్రాసెసర్, మెమరీ, బస్సులు పలుకుతున్నాయో లేదో చూస్తుంది. ఎక్కడ ఆగిందో చెప్పే పోస్ట్ కోడ్‌ని ఇప్పటి సర్వర్లలో చాలావాటిలో బీఎంసీ ద్వారా దూరం నుంచే చూడొచ్చు.

ఇది బతికి ఉన్నాయా లేదా అన్న పరీక్ష మాత్రమే, అంతకు మించి నమ్మకండి. కానీ ఒకటి మాత్రం తప్పక చూడండి. ట్రైనింగ్‌లో తేడా వచ్చిన డిమ్‌ని పోస్ట్ పక్కన పెట్టేసి మిగతా వాటితో బూట్ అయిపోయే సర్వర్లు ఉన్నాయి. లాగిన్ అయితే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. 256 జీబీ ఉండాల్సిన చోట 224 కనిపిస్తే ఒక 32 జీబీ డిమ్ మూలన పడి ఉందన్నమాట. ప్రతి రీబూట్ తర్వాత మొత్తం మెమరీ ఎంతో చూసే స్క్రిప్ట్ ఒకటి పెట్టుకోవడం చిన్న పని, ఉపయోగం మాత్రం పెద్దది.

## బీఎంసీ లాగ్

ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. బీఎంసీ అన్నది మదర్‌బోర్డు మీద ఉండే చిన్న వేరే కంప్యూటర్. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా, పవర్ కేబుల్ పెట్టి ఉంటే నడుస్తూనే ఉంటుంది. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐఎల్ఓ, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్. పేర్లు వేరైనా పని ఒకటే. ఇంటెల్, డెల్, హెచ్‌పీ, నెక్ కలిసి 1998లో తెచ్చిన ఐపీఎంఐ ప్రమాణం వల్ల, ఐపీఎంఐటూల్ అనే ఒక్క సాధనంతో చాలా కంపెనీల సర్వర్ల ఎస్‌ఈఎల్ చదవొచ్చు. 2015లో వచ్చిన రెడ్‌ఫిష్ అనే కొత్త ప్రమాణం ఇప్పుడు మెల్లగా దాని చోటు తీసుకుంటోంది.

ఓఎస్ కుప్పకూలిన క్షణంలో ఏం జరిగిందో చూసిన సాక్షి సాధారణంగా ఇదొక్కటే. డిమ్ స్లాట్ పేరు కూడా బోర్డు మీద అచ్చేసినట్టే చెబుతుంది. అయితే చదివేటప్పుడు మూడు చోట్ల పొరపడతారు.

టైమ్ మొదటిది. బీఎంసీ గడియారం తరచుగా యూటీసీలో ఉంటుంది, ఓఎస్ లాగ్ మన టైమ్‌లో ఉంటుంది. అయిదున్నర గంటల తేడాని లెక్కలోకి తీసుకోకపోతే క్రాష్‌కి సంబంధం లేని వరుసని పట్టుకుంటారు. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్ట్‌లో కూర్చుని అమెరికా క్లయింట్ల సర్వర్లు చూసేవాళ్లకి ఇది మూడు టైమ్‌ల గొడవ. అన్నింటినీ యూటీసీకి మార్చుకుని పక్కపక్కన పెట్టి చదవడమే మార్గం. "ప్రీ-ఇనిట్" అని కనిపించే వరుసలు గడియారం సెట్ కాకముందు పడ్డవి, వాటి సమయాన్ని నమ్మకండి.

రెండోది నిండిపోవడం. ఎస్‌ఈఎల్‌లో చోటు తక్కువ. నిండాక కొత్త వరుసలు చేర్చుకోని మోడళ్లు ఉన్నాయి. కరెంటు కోతల వరుసలతో నిండిపోయిన లాగ్‌లో అసలు ఎర్రర్‌కి చోటే ఉండదు. నెలకోసారి ఫైల్‌గా సేవ్ చేసి ఖాళీ చేయండి. సేవ్ చేయకుండా మాత్రం ఎప్పుడూ క్లియర్ కొట్టకండి.

మూడోది హద్దు. చాలా సర్వర్లలో కరెక్టబుల్ ఎర్రర్లు ఒక సంఖ్య దాటాకే బయోస్ లాగ్‌లో రాయిస్తుంది. కాబట్టి ఎస్‌ఈఎల్‌లో ఒక్క వరుస కనిపిస్తే వెనక చాలా ఎర్రర్లు జరిగి ఉండొచ్చు.

బీఎంసీ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి. ఐపీఎంఐ 2.0 లాగిన్ పద్ధతిలోనే పాస్‌వర్డ్ హ్యాష్ బయటికి పొక్కే లోపం ఉంది. దానికి విడి నెట్‌వర్క్ ఉండాలి.

## ఓఎస్ లోపలి సాక్షులు: ఎడాక్, రాస్‌డీమన్

లినక్స్ కెర్నెల్‌లోని ఎడాక్ ప్రతి మెమరీ కంట్రోలర్‌కీ కరెక్టబుల్, అన్‌కరెక్టబుల్ ఎర్రర్లను విడివిడిగా లెక్కపెడుతుంది. రాస్‌డీమన్ వాటితో పాటు ప్రాసెసర్ మెషీన్ చెక్‌లు, పీసీఐఈ ఏఈఆర్ (ఎర్రర్ రిపోర్టింగ్) ఎర్రర్లను కూడా చిన్న డేటాబేస్‌లో దాచిపెడుతుంది. పాత సర్వర్లలో ఇదే పని చేసే పాత సాధనం ఎంసీఈలాగ్ కనిపించొచ్చు. కొత్తగా పెట్టేవాళ్లు రాస్‌డీమన్‌నే ఎంచుకోండి.

దీని బలం లెక్కలు. "ఈ డిమ్ నుంచి పోయిన నెల ఎన్ని, ఈ నెల ఎన్ని" అన్న ప్రశ్నకి బీఎంసీ కన్నా ఇదే బాగా జవాబు చెబుతుంది. పీసీఐఈ విషయంలో అయితే నేను ముందు ఇక్కడే చూస్తాను. ఒకే కార్డు దగ్గర బ్యాడ్ టీఎల్‌పీ (పాడైన ప్యాకెట్), రీప్లే టైమవుట్ లాంటి కరెక్టబుల్ ఎర్రర్లు పెరుగుతూ ఉంటే కార్డుని తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడం, రైజర్ (కార్డు కూర్చునే అడాప్టర్ బోర్డు) మార్చి చూడడం తొలి మెట్టు.

బలహీనతలు రెండు. స్లాట్ పేర్ల పట్టిక లేకపోతే "ఫలానా కంట్రోలర్, ఫలానా ఛానల్" అనే చెబుతుంది. దాన్ని బోర్డు మీది స్లాట్‌తో జత చేసుకునే పని మీదే. రెండోది ఇంకా ముఖ్యం. ఫర్మ్‌వేర్-ఫస్ట్ పద్ధతిలో నడిచే సర్వర్లలో ఎర్రర్ ముందు బయోస్ చేతికి వెళుతుంది, ఓఎస్‌కి చెప్పాలా వద్దా అన్నది అదే తేలుస్తుంది. అక్కడ ఎడాక్‌లో సున్నా ఉండి, ఎస్‌ఈఎల్‌లో మెమరీ హెచ్చరికలు ఉండొచ్చు. రెండు లాగ్‌లు ఒకదానికొకటి పొంతన లేకుండా కనిపిస్తే ఎర్రర్ ఉందని చెప్పేదాన్నే నమ్మండి. లేదని చెప్పేదానికి ఆ ఎర్రర్ అసలు చేరి ఉండకపోవచ్చు.

క్రాష్ తర్వాత మళ్లీ బూట్ అయినప్పుడు కెర్నెల్ లాగ్‌లో "బెర్ట్" అన్న పదం కోసం వెతకండి. కిందటి బూట్‌లో జరిగిన ఫేటల్ ఎర్రర్ వివరాలను ఫర్మ్‌వేర్ ఆ పట్టికలో పెట్టి అందిస్తుంది.

## కంపెనీ డయాగ్నస్టిక్స్, మెమ్‌టెస్ట్

ఈ రెండింటికీ సర్వర్ ఆపాలి. అందుకే కలిపి చూస్తున్నాను.

కంపెనీ డయాగ్నస్టిక్స్ ఓఎస్ లేకుండానే బూట్ మెనూ నుంచి నడుస్తుంది. ప్రతి పార్టునీ పైపైన తడిమి, తేడా ఉంటే ఒక కోడ్ ఇస్తుంది. డెల్‌లో 2000-0142 అంటే డిస్క్ తన సెల్ఫ్ టెస్ట్‌లో ఫెయిలైందని. ఆ కోడ్ చేతిలో ఉంటే వారంటీ కాల్ మీద వాదన ఉండదు. లోతు మాత్రం తక్కువ. సర్వర్ చల్లగా, లోడ్ లేకుండా ఉన్నప్పుడు నడిచే టెస్ట్ కాబట్టి లోడ్ మీదే వచ్చే లోపం దీనికి దొరక్కపోవచ్చు.

మెమ్‌టెస్ట్86ప్లస్ 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బయోస్) సర్వర్లలోనూ నడుస్తోంది. ఈసీసీ లేని డెస్క్‌టాప్‌కి ఇది చాలా మంచి టెస్ట్. ఈసీసీ సర్వర్‌లో దాని పని వేరు. అది మెమరీలో ఒక నమూనా రాసి, తిరిగి చదివి పోలుస్తుంది. మధ్యలో ఒక బిట్ తారుమారైనా ఈసీసీ దాన్ని సరిచేసి ఇస్తుంది, పోలిక సరిపోతుంది, తెర మీద "పాస్" కనిపిస్తుంది. చెడ్డ డిమ్ అలాగే ఉండిపోతుంది. అందుకే సర్వర్‌లో మెమ్‌టెస్ట్‌ని మెమరీ మీద బరువు మోపడానికి మాత్రమే వాడండి. అసలు ఫలితం కోసం టెస్ట్ అయ్యాక బీఎంసీ లాగ్ తెరవండి.

వందల జీబీ మెమరీ ఉన్న సర్వర్‌లో ఒక్క పాస్‌కే గంటలు పడుతుంది. అన్ని గంటల డౌన్‌టైమ్ దొరికితే నేను దాన్ని డిమ్ మార్పిడి పరీక్షకి వాడతాను. అనుమానం ఉన్న డిమ్‌ని ఇంకో ఛానల్ స్లాట్‌లోకి మార్చి సర్వర్‌ని మామూలు పనిలో పెట్టండి. ఎర్రర్ డిమ్ వెంట వెళితే డిమ్‌దే తప్పు. పాత స్లాట్ దగ్గరే ఉంటే స్లాటో, బోర్డో, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలరో. ఇది పది నిమిషాల చేతి పని, తర్వాత ఎదురుచూపు. మార్చే ముందు సర్వర్‌ని ఒకసారి రీబూట్ చేయమని సపోర్ట్ వాళ్లు అడిగితే విసుక్కోకండి. చెడిన మెమరీ వరుస బదులు అదే చిప్‌లోని అదనపు వరుసని పెట్టుకునే పీపీఆర్ సౌకర్యం డీడీఆర్4లో ఉంది, బయోస్ దాన్ని బూట్ సమయంలోనే చేస్తుంది.

## డిస్కులు

షార్ట్ టెస్ట్‌కి రెండు మూడు నిమిషాలు చాలు. లాంగ్ టెస్ట్ డిస్క్ మొత్తం చదువుతుంది. 16 టీబీ డిస్క్‌ని సెకనుకి 200 ఎంబీ చొప్పున చదివినా దాదాపు 22 గంటలు. రెండూ డేటాని చెరపవు, సర్వర్ పనిలో ఉండగానే నడపొచ్చు. ఎన్‌వీఎంఈ డిస్కులకు 2017 నాటి 1.3 ప్రమాణంతో సెల్ఫ్ టెస్ట్ వచ్చింది.

హార్డ్ డిస్క్ స్మార్ట్ పట్టికలో 5, 197, 198 నంబర్లు చూడండి. 5 అంటే చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు, 197 మార్పు కోసం ఎదురుచూస్తున్నవి, 198 చదవలేకపోయినవి. 199 పెరుగుతూ ఉంటే డిస్క్ కన్నా ముందు కేబుల్‌ని, బ్యాక్‌ప్లేన్‌ని అనుమానించండి. ఆ లెక్క తిరిగి సున్నా కాదు కాబట్టి, పాత అంకె ఎంతో రాసుకుని పెరుగుదల మాత్రమే చూడాలి. రెయిడ్ (డిస్కుల్ని జట్టుగా నడిపే) కార్డు వెనక ఉన్న డిస్కులు మామూలుగా కనిపించవు. మెగారెయిడ్ కార్డైతే స్మార్ట్ టెస్టులు నడిపే సాధనం స్మార్ట్‌సీటీఎల్‌కి ఆ రకాన్నీ డిస్క్ నంబర్‌నీ విడిగా చెప్పాలి.

స్మార్ట్ ఫెయిల్ అంటే నమ్మండి, పాస్ అంటే పూర్తిగా నమ్మకండి. లక్షకు పైగా డిస్కుల మీద గూగుల్ 2007లో ప్రకటించిన ఫలితాల్లో, స్కాన్ ఎర్రర్ ఒకటి కనిపించిన డిస్క్ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం మిగతావాటి కన్నా 39 రెట్లు ఎక్కువ. అదే అధ్యయనంలో, చెడిపోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా ఉష్ణోగ్రత తప్ప ఏ స్మార్ట్ సంకేతమూ ఇవ్వకుండానే పోయాయి.

ఇప్పటికే ఒక డిస్క్ పోయి రెయిడ్ డిగ్రేడెడ్‌గా ఉంటే మిగతా డిస్కుల మీద లాంగ్ టెస్ట్ మొదలుపెట్టకండి. ముందు బ్యాకప్, తర్వాత కొత్త డిస్క్ పెట్టి రీబిల్డ్, ఆ తర్వాతే టెస్ట్.

## నెట్‌వర్క్ కార్డు, స్విచ్

లినక్స్ సాధనం ఈథ్‌టూల్ నడిపే ఆఫ్‌లైన్ టెస్ట్ రిజిస్టర్లు, ఈప్రామ్, ఇంటరప్ట్, లూప్‌బ్యాక్ చూస్తుంది. అంతసేపు లింక్ పోతుంది కాబట్టి ఏ పోర్టు మీదుగా లాగిన్ అయ్యారో ఆ పోర్టు మీద నడపకండి. సీఆర్‌సీ ఎర్రర్లు (పాడై అందిన ప్యాకెట్లు) పెరుగుతుంటే సెల్ఫ్ టెస్ట్ కన్నా ముందు ఎస్‌ఎఫ్‌పీలో (ఫైబర్ తగిలించే మాడ్యూల్‌లో) అందుతున్న కాంతి బలం చూసి, ఫైబర్ కొస తుడిచి, కేబుల్ మార్చండి. తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. సిస్కో స్విచ్‌లలోని గోల్డ్ డయాగ్నస్టిక్స్ బూట్ అప్పుడు, నడుస్తూ ఉండగా, అడిగినప్పుడు, వేళ పెట్టినప్పుడు నడుస్తుంది. అడిగి నడిపించే ముందు ఆ టెస్ట్ ట్రాఫిక్‌ని ఆపుతుందా అన్నది అదే చూపించే జాబితాలో చదవండి.

## ఏ టెస్టుకీ దొరకనివి

2021లో గూగుల్, మెటా రెండూ ఒక విషయం బయటపెట్టాయి. కొన్ని ప్రాసెసర్ కోర్లు ఏ ఎర్రర్ చూపించకుండా తప్పు లెక్క చేస్తున్నాయి. మెటా ఇచ్చిన ఉదాహరణలో 1.1ని 53వ ఘాతానికి పెంచి పూర్ణాంకం తీసుకుంటే 156 రావాల్సింది, ఒక కోర్ మీద సున్నా వచ్చింది. దీనికి లాగ్ ఉండదు, తరగతి ఉండదు. పెద్ద ఫ్లీట్ నడిపేవాళ్లు ఇంటెల్ ఓపెన్‌డీసీడయాగ్ లాంటి ప్రాసెసర్ టెస్టుల్ని మెయింటెనెన్స్ సమయంలో నడపడం మంచిది. రెండు మూడు సర్వర్లున్న ఆఫీసుకి దీని గురించి టెన్షన్ అక్కర్లేదు. ఫైల్ సిస్టమ్‌లో, డేటాబేస్‌లో చెక్‌సమ్ ఆన్ చేసుకుని ఉంటే చాలు.

## మీరు ఎవరైతే ఏది

ఒకటే సర్వర్, వారంటీ అయిపోయింది. ఆసుపత్రి, కాలేజీ, చిన్న కంపెనీ. డౌన్‌టైమ్ మీకు ఖరీదైనది, అదనపు సర్వర్ లేదు. బీఎంసీ హెచ్చరికలు మెయిల్‌కి వచ్చేలా పెట్టండి, రాస్‌డీమన్ నడపండి, స్మార్ట్ షార్ట్ టెస్ట్ వారానికోసారి, లాంగ్ టెస్ట్ నెలకోసారి సెలవు రోజున వేళ పెట్టండి. మెమ్‌టెస్ట్ జోలికి వెళ్లకండి. ఆ డౌన్‌టైమ్‌కి అయ్యే ఖర్చుతో ఒక అదనపు డిమ్, ఒక అదనపు డిస్క్ కొని అల్మరాలో పెట్టుకోవడం మేలు.

వారంటీలో ఉన్న సర్వర్. బీఎంసీ లాగ్ బండిల్, కంపెనీ డయాగ్నస్టిక్స్ కోడ్, సర్వీస్ ట్యాగ్. ఈ మూడూ పెట్టి కేసు తెరవండి. డయాగ్నస్టిక్స్ పాస్ అయి ఎస్‌ఈఎల్‌లో ఎర్రర్ ఉంటే, ఎస్‌ఈఎల్ వరుసల తేదీలు చూపించి పట్టుబట్టండి.

వర్చువలైజేషన్ క్లస్టర్. మీకున్న సుఖం వీఎంలను పక్క హోస్ట్‌కి తరలించగలగడం. అనుమానం వచ్చిన హోస్ట్‌ని ఖాళీ చేసి, స్ట్రెస్‌యాప్‌టెస్ట్ లాంటి లోడ్ టెస్ట్‌ని ఒక రోజంతా నడిపి, ఆ సమయంలో బీఎంసీ, రాస్‌డీమన్ లెక్కలు ఎలా కదిలాయో చూడండి. ఈ పోలికలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే. వీలున్నవాళ్లు దీన్ని వదులుకోకండి.

వాడిన సర్వర్ కొంటున్నవాళ్లు. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో) కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా డబ్బు చేతులు మారకముందే ఎస్‌ఈఎల్ అడగండి. పూర్తి ఖాళీగా ఉందంటే ఎవరో తుడిచారని అనుకుని, అన్ని టెస్టులూ మీరే చేయించుకోండి. మెమ్‌టెస్ట్‌కి నిజంగా చోటున్నది ఇక్కడే, ఎందుకంటే డౌన్‌టైమ్ భయం లేదు. డిస్కుల పవర్-ఆన్ గంటలు, 5వ నంబర్ లెక్క, బీఎంసీ లైసెన్స్ కూడా చూసుకోండి.

రాత్రి షిఫ్ట్‌లో దూరం నుంచి చూసేవాళ్లు. మీరు పార్ట్ మార్చలేరు, తరగతి మాత్రం సరిగ్గా రాయగలరు. టికెట్‌లో యూటీసీ సమయం, స్లాట్ పేరు, కరెక్టబులా కాదా, ఇంతకు ముందు ఎన్నిసార్లు వచ్చింది అన్న నాలుగూ ఉంటే అవతల రిమోట్ హ్యాండ్స్ వాళ్లు ఒకే ట్రిప్‌లో సరైన డిమ్ తీస్తారు. "మెమరీ ఎర్రర్, దయచేసి చూడండి" అని రాస్తే వాళ్లు మళ్లీ మొదటి నుంచీ వెతుక్కోవాలి.

పార్ట్ మార్చాక ఎస్‌ఈఎల్ సేవ్ చేసి క్లియర్ చేయండి, ఎడాక్ లెక్కలు ఎంతో రాసుకోండి, 199వ నంబర్ కూడా. రెండు వారాలు మామూలు లోడ్ మీద నడిచాక ఆ లెక్కలు కదలకపోతేనే టికెట్ మూసేయండి. కదిలితే, మార్చిన పార్ట్ పాత స్లాట్‌లోనే ఉందో లేదో చూసి, ఈసారి స్లాట్ నుంచి మొదలుపెట్టండి.